నయమైనవాళ్ళను చూసొద్దామని

కృష్ణా జిల్లాకు పోయి వచ్చినవాళ్ళెవరైనా దుర్గమ్మ కొండ గురించి, బ్యారేజీ గురించి చెబుతారు. ఆ రెంటినీ నేను రైలు కిటికీలోంచి చూశాను, అంతే. నేను పోయింది మనుషుల్ని చూడ్డానికి. అందులోనూ, జబ్బు నయమైన మనుషుల్ని. మా ధర్మవరంలో ఈ మాట చెబితే నవ్వారు. జబ్బు చేసినవాళ్ళను చూడ్డానికి పళ్ళు పట్టుకొని పోతారుగానీ, నయమైనవాళ్ళను చూడ్డానికి పోయేవాడు ఎవడుంటాడని.

మా ఆవిడ సుగుణకు కొన్నేళ్ళ కిందట ఏదో వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, నీరసం పోలేదు. నీరసమంటే పెళ్ళిపనులు చేశాక మనందరికీ వచ్చేలాంటిది కాదు. ఈరోజు వీధి గుమ్మం దాకా నడిచిందంటే రేపూ ఎల్లుండీ మంచం మీద పక్కకు తిరగలేదు. వెలుతురు పడదు, గిన్నె కిందపడిన చప్పుడు పడదు. డాక్టర్లు రక్తం తీశారు, ఫొటోలు తీశారు, అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే మనిషి ఎందుకు లేవడం లేదయ్యా అంటే బలానికి మాత్రలు రాసిచ్చారు. బంధువులు ఎదురుగా దిష్టి అన్నారు, చాటుగా సోమరితనం అన్నారు. ఆఖరికి బెంగళూరులో ఒక డాక్టరమ్మ, దీన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారని చెప్పింది. పేరైతే దొరికింది, మందు దొరకలేదు.

అప్పుడు మా మేనల్లుడు విజయవాడ ప్రొఫెసరు గారి వీడియో పంపాడు. ఆయన మాటలతో వైద్యం చేసే సైకాలజిస్టు. ఈ జబ్బు మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆయన చెప్పేదేమిటంటే, జ్వరం ఎప్పుడో పోయింది, మిగిలింది భయం. కదిలితే పడిపోతానని భయపడి రోగి కదలడు, కదలడు కాబట్టి ఒంట్లో బలం పోతుంది. ఆ భయం పోగొట్టి, రోజూ కొంచెం కొంచెం నడక పెంచితే లేచి తిరుగుతాడు. డెల్టాలో ఇలా చాలామందికి నయం చేశారట. పై దేశాల్లో ఇలాంటి పరిశోధనల మీద పెద్ద రగడే అయిందని మేనల్లుడే చెప్పాడు. రోగులే తిరగబడి, ఏ కొలత పెట్టి నయమైందంటున్నారని నిలదీశారట. చూడమని పంపేదీ వాడే, నమ్మొద్దనేదీ వాడే. ఒళ్ళు మండిపోయింది నాకు.

సుగుణ మాత్రం నిమ్మళంగా ఒకటే మాట అంది. "బాత్రూముకు నా అంతట నేను పోయే శక్తి ఒకటి మిగిలింది నాకు. ఆయన చెప్పినట్ల నడిచి అదీ పోతే ఇంగ నాకేం లేదు. నువ్వు పోయి ఆ బాగైనోళ్ళను నీ కండ్లతో చూసి రా. నిజంగా బాగైనారంటే నేనూ వస్తా."

అదీ నా యాత్ర.

బెజవాడ

రైలు దిగగానే ఉక్కపోత. మా ఊళ్ళో ఎండ నెత్తిన కొడుతుంది, అక్కడ ఎండ చొక్కాలోకి దూరుతుంది. టిఫిను హోటల్లో ఇడ్లీ అడిగితే నెయ్యి వేయాలా అని అడక్కుండానే వేసి, కారప్పొడి చల్లి, యాభై రూపాయలు తీసుకున్నాడు. ఉగ్గాని ఉందా అన్నాను. ఉగ్గాని అంటే మాకు బొరుగుల ఉప్మా లాంటిది, పొద్దున్నే అది లేకపోతే నోరు తెరుచుకోదు. ఆయనకు అదేమిటో తెలియదు. తెలియదని చెప్పొచ్చుగా. "ఇప్పుడే అయిపోయిందండీ" అన్నాడు.

అప్పటికి ఆ మాటను పట్టించుకోలేదు నేను.

పటమట

ప్రొఫెసరు గారి సెంటరు పటమటలో, బట్టల షాపుల పైన రెండో అంతస్తులో. ఆయన్ను తిట్టుకుంటూ మెట్లెక్కినవాణ్ణి, చూశాక తిట్టబుద్ధి కాలేదు. సన్నగా, నెరిసిన గడ్డంతో, చెప్పులు గది బయటే విడిచి కూర్చున్న మనిషి. సుగుణ సంగతి ఒక్క మాట అడ్డం రాకుండా విన్నారు. ఇన్నేళ్ళలో అట్లా విన్నవాళ్ళు లేరు. అది నిజం, చెప్పాలి.

"ఆవిడ నటిస్తున్నారని నేననడం లేదండీ. ఆ బాధ నిజమే. కాకపోతే బాధను పట్టి ఉంచేది భయం," అన్నారు.

"మీరు నయం చేసినోళ్ళను చూడల్ల సార్," అన్నాను.

నాకున్న గుణం అది. నేను కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యాను. వైరులో కరెంటు ఉందో లేదో టెస్టరు పెట్టి చూడాలిగానీ, కుర్చీలో కూర్చొని లెక్కలేస్తే తేలదు. ఆయనేమీ నొచ్చుకోలేదు. నెలకోసారి తానే కారేసుకొని రోగుల ఇళ్ళకు పోతారట, వాళ్ళను అడిగి, నడిపించి చూసి రాసుకుంటారట. గుణదలలో ఒకాయన, పెడనలో ఒకావిడ, ఇద్దరి అడ్రసులూ, ఫోన్ నంబర్లూ ఇచ్చారు.

"మీరు వస్తున్నారని నేను ఫోన్ చేసి చెప్తానండీ. చెప్పకుండా వెళ్తే వాళ్ళు ఇబ్బంది పడతారు."

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

గుణదల

గుణదలాయన పేరు రవికిరణ్, కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టకుండా నేరుగా మేరీమాత కొండకు తీసుకుపోయాడు. ఆయన క్రైస్తవుడు కాదు. పొద్దున్నే గాలికోసం ఎక్కుతాడట. మెట్ల మీద ఆయన ముందు, నేను వెనక. ఆయన మాట్లాడుతూ ఎక్కుతున్నాడు, నేను నోరు తెరుచుకొని ఎక్కుతున్నాను. జబ్బు ఎవరికో చూసేవాళ్ళకు అర్థమయ్యుండదు.

"ఏడాది గది దాటలేదండీ నేను. పిల్లలకు పాఠం చెప్పడం తల్చుకుంటే కాళ్ళు వణికేవి. సారు ఆ భయం పోగొట్టారు."

"ఇట్ల కొండెక్కినాక, మరునాడు ఎట్లుంటాది?"

"మర్నాడా? ఏముంటుందండీ, పిక్కలు కాస్త లాగుతాయి."

ఆయన అబద్ధమాడడం లేదు, చూస్తేనే తెలుస్తోంది. మనిషి నిజంగా బాగయ్యాడు. కానీ సుగుణకు ఎప్పుడూ ఏ పనీ తల్చుకొని కాళ్ళు వణకలేదు. ఆమె భయమేమీ లేకుండా నడిచే పడింది. ఇద్దరి జబ్బూ ఒకటేనా, లేక ఒకటే పేరు పెట్టి రెంటినీ ఒక గంపలో వేశారా? ఈ అనుమానంతోనే కొండ దిగాను. ఆయన టీ ఇప్పించి డబ్బులు ఇవ్వనివ్వలేదు.

పొరపాటున కూచిపూడి

మూడు రోజులాగి పెడన రమ్మన్నారని ప్రొఫెసరు గారు చెప్తే ఆగాను. పెడన పోవాలంటే బందరు బస్సెక్కాలి. బస్టాండులో ఒక పెద్దాయన్ను అడిగాను, ఈ బస్సు పెడన వైపు పోతుందా అని. "ఇదేనండీ, ఎక్కండెక్కండి" అని నా సంచీ కూడా అందించాడు. పామర్రు దాటాక బస్సు బందరు రోడ్డు వదిలి పక్కకు తిరిగింది. కండక్టరును అడిగితే ఆయనకూ మర్యాద ఎక్కువే. "పర్లేదండీ, కూచిపూడిలో దిగితే అక్కణ్ణించి బోలెడు ఉంటాయి" అన్నాడు.

బోలెడు లేవు. ఎండలో టీకొట్టు ముందు నిలబడ్డాను. పెడనకు దారి ఎటని ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు దిక్కులు చూపించారు, ముగ్గురూ నవ్వుతూనే. మా వైపు అయితే తెలియకపోతే "తెల్దు పో" అంటారు. మొరటే, కానీ దాంతో నష్టం లేదు. అడిగినవాడు ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఇక్కడ వచ్చినవాడి మనసు నొప్పించకూడదు, వాడు తప్పుదారిన పోయినా సరే.

టీకొట్టు ఆవిడకే నా మీద జాలి కలిగి నన్ను ఆటో ఎక్కించింది. "పామర్రు వెళ్ళిపోయి మళ్ళీ బందరు బస్సే పట్టుకోండి, బాబాయి గారూ. ఈ ఎండలో ఎవరు చెప్పారండీ మీకు ఇటు రమ్మని?" అంది. నాట్యం పుట్టిన ఊరికి పోయి నాట్యం చూడకుండా, గజ్జెల చప్పుడైనా వినకుండా, ఆటోవాడితో బేరమాడి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పెడన

పెడనలో మగ్గాలు ఎక్కువ. మా ధర్మవరంలోనూ మగ్గాలే, కానీ మాది పట్టు, వాళ్ళది నూలు. సందులోకి తిరగగానే మగ్గం చప్పుడు వినబడితే మా వీధిలోకి వచ్చినట్టే అయింది, అలసటా సగం పోయింది.

సాంబశివరావు చీరల వ్యాపారం చేస్తాడు. ఆయన భార్య నాగమణే నేను చూడాల్సిన మనిషి. నలభై దాటని మనిషి. గంజి పెట్టిన నూలు చీర, తల్లో పూలు, నవ్వు మొహం, గుమ్మంలోకే ఎదురొచ్చి "రండన్నయ్య గారూ" అంది. ఈమెకు జబ్బు అని ఎవరంటారు?

భోజనం వద్దంటే ఊరుకోలేదు. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, పులుసు, గడ్డపెరుగు. ఆమే నిలబడి వడ్డించింది. పులుసులో బెల్లం వేశారు. మాకది సయించదు, పులుసంటే మాకు కారం ఉండాలి. "ఎలా ఉందండీ పులుసు?" అంది. "చానా బాగుందమ్మా" అన్నాను. మళ్ళీ వేసింది. తిన్నాను.

"సుస్తీ ఎట్లుందమ్మా ఇప్పుడు?"

"అంతా బాగుందన్నయ్య గారూ. సారు దయ."

"పని చేసుకున్న మరునాడు?"

"బానే ఉంటుందండీ," అంది, మజ్జిగ గ్లాసు పెడుతూ.

సాంబశివరావు అందుకున్నాడు. "సారొచ్చినప్పుడల్లా సందు చివరదాకా వెళ్ళి సాగనంపి వస్తదండీ. మొదట్లో గడప దాటలేదు. సారు అదంతా రాసుకుని ఎంత సంతోషపడ్డారో."

నన్నూ సందు చివరదాకా సాగనంపింది. ఇంట్లోనే ఉండమ్మా అంటే, "అదేంటండీ, వచ్చినవాళ్ళని గుమ్మంలో వదిలేస్తామా" అంది. మా వైపు అరుగు మీదినుంచే "పోయిరా" అంటారు. ఆమె మొగుడితోపాటు నా పక్కనే నడిచింది, సందు చివర నిలబడి చేతులు జోడించింది, ఇద్దరూ వెనక్కి తిరిగారు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మీదే నిలబడి సుగుణకు ఫోన్ చేశాను. "కండ్లతో చూసినా. వడ్డించింది, నాతోపాటు నడిచింది. బట్టలు సర్దుకో," అన్నాను. "నిజంగానా?" అంది. ఆ గొంతులో అంత ఆశ నేను ఎన్నాళ్ళుగానో వినలేదు.

మళ్ళీ ఆ ఇంటికే

బస్సు మీద ఊరి పేరు చదవబోతే కళ్ళద్దాలు లేవు. చేయి కడుక్కునేటప్పుడు వాళ్ళ తొట్టి గట్టు మీద పెట్టి మరిచాను. వయసు మీదపడితే ఇంతే అని నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి పోయాను.

తలుపు తీసే ఉంది. నాగమణి గుమ్మానికి కాస్త లోపల, ఒట్టి నేల మీద పడుకొని ఉంది. మంచం దాకా పోలేకపోయింది. కళ్ళ మీద తడిగుడ్డ. పూలు తీసి పక్కన పెట్టారు. సాంబశివరావు ఆమె తల కింద చేయి పెట్టి స్పూనుతో మజ్జిగ తాగిస్తున్నాడు. మింగడానికి కూడా ఆగి ఆగి మింగుతోంది. సుగుణను ఇట్లా ఎన్నిసార్లు చూశానో. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నన్ను చూసి ఆమె లేవబోయింది. దేవుడా, అప్పుడు కూడా లేవబోయింది.

"లేయొద్దు తల్లీ," అని కసిరినంత పని చేశాను. తర్వాత సాంబశివరావు మీద పడ్డాను. "ఏందయ్యా ఇది?"

ఆయన తల దించుకొనే చెప్పాడు. "ఎవరైనా వస్తారంటే రెండు మూడు రోజుల ముందు నుంచీ మంచం దిగదండీ. వాళ్ళొచ్చే టైముకి లేచి తిరగాలని శక్తంతా దాచుకుంటది. మీరొస్తున్నారని సారు ఫోన్ చేశారు కదండీ. వంటంతా మా చెల్లెలొచ్చి చేసి వెళ్ళింది, ఈవిడ వడ్డించిందంతే."

"తర్వాత?"

"తర్వాత వారం, పదిరోజులు ఇలాగేనండీ. ఇదివరకు ఇంతుండేది కాదు. సారు చెప్పినట్టు నడక పెంచాక ఎక్కువైంది."

"మరి ఆయనకు చెప్పొద్దా?"

"ఎలా చెప్తామండీ? పైసా తీసుకోరు. అంత దూరం కారేసుకుని వస్తారు. మా వాళ్ళందరూ నటన అంటుంటే ఆయనొక్కరే కూర్చుని విన్నారు. వచ్చిన మనిషి మొహం మీద బాలేదని ఎలా అంటామండీ?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఆడవాళ్ళ ముందు అనే సామెత కాదు కాబట్టి పళ్ళ బిగువున ఆపుకున్నాను. తడిగుడ్డ కిందినుంచి నాగమణి మెల్లగా అంది. "సారుతో అనకండన్నయ్య గారూ. చాలా మంచాయన. బాధపడతారు."

నాకోసం ఆమె దాచుకున్న శక్తినే కదా నేను కూర్చొని రెండోసారి పులుసు వేయించుకొని తిన్నది. కళ్ళద్దాలు తీసుకొని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చాను. సుగుణకు మళ్ళీ ఫోన్ చేయడానికి నాకు నోరు రాలేదు. ఎదురుగా కూర్చొని చెప్పాల్సిన మాట అది.

మళ్ళీ పటమట

అనకండన్న మాట నేను నిలబెట్టుకోలేదు. నిలబెట్టుకుంటే ఆమె వచ్చే నెల మళ్ళీ సందు చివరదాకా నడుస్తుంది. నేరుగా ప్రొఫెసరు గారి దగ్గరికి పోయి చూసింది చూసినట్టు చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరు చూసింది భోజనం వేళ అయ్యాక కదండీ? మధ్యాహ్నం భోంచేసి ఎవరైనా కాసేపు నడుం వాలుస్తారు" అన్నారు.

"నడుం వాల్చేటోళ్ళకు మజ్జిగ స్పూనుతో పోస్తారా సార్?"

"చూడండి, ఇంట్లోవాళ్ళ ఆందోళన కూడా ఈ జబ్బులో భాగమే. మీకు మీ ఆవిడ గురించి భయం. ఆ భయంతోనే అక్కడా చూశారు. ఉండండి, ఆవిడనే అడుగుదాం."

వద్దు వద్దంటున్నా వినకుండా ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. నాలుగైదు రింగులకు ఎత్తారు. "ఎలా ఉన్నారమ్మా నాగమణి గారూ?"

"బాగున్నానండీ," అంది ఆమె. ప్రతి అక్షరమూ స్పష్టంగా, నవ్వు కలిపి. "మీరెలా ఉన్నారండీ? అమ్మగారు కులాసానా?"

ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. "విన్నారుగా."

నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. ఆ ఒక్క మాట పలకడానికి ఆమె ఎంత ఖర్చు పెట్టిందో ఈయనకు ఎట్లా చెప్పేది? "సార్, ఒక్కసారి చెప్పకుండా పోండి. మీరు పోయి వచ్చిన మరునాడు పోండి, మూడో రోజు పోండి. అప్పుడు చూసి రాసుకోండి," అన్నాను.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "చెప్పకుండా ఒకరింటికి ఎలా వెళ్తామండీ? బాగుండదు కదా."

నమస్కారం పెట్టి లేచాను. వద్దన్నా వినకుండా రెండంతస్తులు దిగి, ఆటో దాకా వచ్చి ఆటో కదిలేదాకా నిలబడ్డారు. ఆ మంచితనానికి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ధర్మవరం

ఇంటికి వచ్చేసరికి తలుపు పక్కన సంచీ ఉంది. రెండు చీరలు, మందులు, దువ్వెన. ఎవరినీ పిలవకుండా తానే సర్దిందట. దాని ఫలం, కిటికీలు మూసిన గదిలో గోడవైపు తిరిగి పడుకొని ఉంది. నేను చెప్పిన ఒక్క మాటకు అంత పని చేసింది.

పక్కన కూర్చొని అంతా చెప్పాను. వడ్డన, సాగనంపడం, కళ్ళద్దాలు, నేల, స్పూను, స్పీకరు ఫోను. ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు మూసుకొని వింది.

"అయితే పోవద్దు," అంది.

"పోవద్దు."

కొంచెం సేపటికి, "ఇప్పుడెట్లుందంట ఆమెకు? అడిగితివా?" అంది.

"అడిగితే ఏం చెప్తాది? బాగున్నానంటాది. ఆ ఊర్లో అందరూ అంతే," అని నా కోపమంతా ఆమె మీద చూపించాను.

"నంబరు కలుపు," అంది సుగుణ.

కలిపి ఆమె దిండు పక్కన పెట్టాను. అవతల సాంబశివరావు ఎత్తి, పేరు విని, భార్యకు ఇచ్చాడు. సుగుణ ఎట్లా ఉన్నావని అడగలేదు.

"నేను సుగుణనమ్మా, ధర్మవరం నుంచి. పండుకొనే మాట్లాడు. లేయొద్దు."

అవతల మంచం కిర్రుమంది.

"లేవబోతున్నానని ఎలా తెలిసిందండీ మీకు?"

"నేనూ పండుకొనే ఉన్నా. నాకు జవాబు చెప్పాలనేం లేదు. ఊరికే ఉన్నా పర్వాలేదు."

ఇద్దరూ ఊరికే ఉన్నారు. సుగుణ మాట్లాడనందుకు, అడగనందుకు, అవతల ఊపిరి మెల్లగా మారడం నాకు వినబడింది. ఆ నవ్వు గొంతు కాదు ఇప్పుడు.

"అస్సలు బాగోలేదు వదినా," అంది నాగమణి.

"చెప్పమ్మా," అంది సుగుణ.